ఇల్లు సేకరణలో పోతుందంటే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో రోడ్డుకో, రైలుకో, ఆనకట్టకో భూమి తీసుకుంటారన్న మాట వినిపించగానే మనవాళ్లు మొదట అడిగేది సెంటుకు ఎంత ఇస్తారని. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే పొలం కాక ఇల్లే పోయేటప్పుడు అడగవలసినవి మరో రెండున్నాయి. ఇంటిని ఎవరు, ఎలా లెక్కిస్తారన్నది ఒకటి. బదులుగా ఇచ్చే ఇంట్లో వేసవి మధ్యాహ్నం మనిషి ఉండగలడా అన్నది రెండోది. ఈ రెండూ అవార్డు, అంటే పరిహారాన్ని ఖరారు చేస్తూ కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు, వెలువడక ముందే కాగితం మీదికి ఎక్కాలి. కింది జవాబులు ఎక్కువగా ఆ రెండింటి చుట్టూ తిరుగుతాయి.

సర్వే రాళ్లు పాతారు, కాగితం మాత్రం రాలేదు. ఇప్పుడే ఏమైనా చేయాలా?

చేయాలి. రాయి పాతినంత మాత్రాన భూమి పోదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెక్షన్ 11 కింద ప్రాథమిక ప్రకటన వెలువడిన రోజే లెక్కకు ఆధారమైన రోజు, మీ భూమి మార్కెట్ విలువను ఆ తేదీనాటికే కడతారు. ప్రకటన వచ్చాక అమ్మకాలు, తనఖాలు నిలిచిపోతాయి. కలెక్టరు ప్రత్యేక కారణాలు నమోదు చేసి మినహాయిస్తే తప్ప ఆ తరువాత చేసుకున్న లావాదేవీలు చెల్లవు. కనుక రాళ్లు పాతిన నాటికీ ప్రకటన వచ్చిన నాటికీ మధ్య దొరికే వ్యవధి చాలా విలువైనది.

ఆ వ్యవధిలో ముందుగా ఖతియాన్, అంటే ఒడిశా భూహక్కుల రికార్డు, తీసి చూసుకోవాలి. తాతగారి పేరే ఇంకా ఉంటే వారసుల పేర్లకు మ్యుటేషన్ పెట్టుకోవాలి. తరువాత చూడవలసింది కిసం, అంటే రికార్డులో రాసిన భూమి రకం. ఇల్లు కట్టి నలభై ఏళ్లయినా రికార్డులో ఆ స్థలం ఘరబారి (ఇంటి స్థలం) కాకుండా శారద (వరి సాగు) భూమిగానే మిగిలిపోయిన ఇళ్లు మన ఊళ్లలో కొల్లలు. ఒడిశా భూసంస్కరణల చట్టం, 1960 సెక్షన్ 8-ఎ కింద తహసిల్దారుకు దరఖాస్తు చేసి వ్యవసాయ భూమిని ఇంటి స్థలంగా మార్పించుకోవచ్చు. ప్రకటన వచ్చాక ఆ పనికి పూనుకుంటే పరిహారం కోసమే మార్చుకున్నారన్న అనుమానం వస్తుంది.

గంజాం వైపు ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పర్లాకిమిడి జమీందారీ ఆనాడే రెండు ముక్కలైంది. అందువల్ల పాత దస్తావేజులు తెలుగులోనూ, తరువాతి రికార్డులు ఒడియాలోనూ ఉంటాయి, కొలతల పేర్లు సైతం కలవవు. తెలంగాణలో నలభై గుంటలు ఒక ఎకరం, ఒడిశాలో ఇరవై అయిదు గుంఠలే ఎకరం. రికార్డులో రాసే డెసిమల్ మాత్రం మన సెంటే. పాత కాగితంలోని విస్తీర్ణాన్ని కొత్త రికార్డుతో పోల్చేటప్పుడు ఈ తేడా మరచిపోతే లేని తగాదా పుడుతుంది.

మాకు ఇష్టం లేకపోయినా ప్రభుత్వం తీసుకోగలదా?

ప్రజా ప్రయోజనం కోసమైతే తీసుకోగలదు. 1978 నాటి 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగింది. అయినా చట్టం చూపిన మార్గంలో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగం 300-ఎ అధికరణం చెబుతోంది. ఆ చట్టం ఒకప్పుడు 1894 నాటిది, 2014 జనవరి 1 నుంచి 2013 చట్టం దాని స్థానంలోకి వచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో కనీసం 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకైతే 70 శాతం ముందుగా సమ్మతించాలి. పూర్తిగా ప్రభుత్వ పనికి ఈ సమ్మతి అక్కర్లేదు. అయితే సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ, అభ్యంతరాల విచారణ అనే మెట్లు అక్కడా ఉంటాయి.

నోటీసు మీద వేరే చట్టం పేరు ఉంది. తేడా ఏమిటి?

గడువు తేడా. దానిని తేలిగ్గా తీసుకుని నష్టపోయినవారు చాలామంది. 2013 చట్టం కింద ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోపు కలెక్టరుకు అభ్యంతరం చెప్పవచ్చు. జాతీయ రహదారికైతే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం వర్తిస్తుంది, అందులో ఉన్నది 21 రోజులే. రైల్వే చట్టం కింద ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుగా ప్రకటించిన పనికి 30 రోజులు. కోరాపుట్ జిల్లా మీదుగా సాగే రాయపూర్–విశాఖపట్నం రహదారిలో భూమి పోయినవారికి మొదటి తేడా అనుభవమే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన గుణుపురం–థేరుబలి (73.62 కిలోమీటర్లు), మల్కన్‌గిరి–పాండురంగాపురం (173.61 కిలోమీటర్లు) రైలు మార్గాల దారిలో ఉన్న ఊళ్లవారు నోటీసు చేతికి రాగానే అది ఏ చట్టం కిందదో మొదటి వరుసలోనే చూసుకోవాలి.

డబ్బు లెక్కలో మాత్రం ఇప్పుడు తేడా లేదు. రహదారుల చట్టం, రైల్వే చట్టం కింద తీసుకున్న భూమికి కూడా 2013 చట్టంలోని పరిహార, పునరావాస షెడ్యూళ్లు 2015 జనవరి 1 నుంచి వర్తిస్తున్నాయి. అంతకుముందు 1997 నుంచి రహదారులకు భూమి ఇచ్చినవారికి సైతం సొలేషియం (బలవంతపు సేకరణకు పరిహారం మీద అదనంగా ఇచ్చే మొత్తం), వడ్డీ దక్కాలని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది.

నోటీసు ఒడియాలో ఉంది. ఇంట్లో పెద్దవారు తెలుగే చదువుతారు. జవాబు తెలుగులో రాయవచ్చా?

రాయవచ్చు. తన కష్టం తీర్చమని కోరే ప్రతి వ్యక్తీ కేంద్రంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. ప్రకటన పంచాయతీ, మునిసిపాలిటీ, తహసిల్ కార్యాలయాల్లో స్థానిక భాషలో ఉండాలని భూసేకరణ చట్టమూ అంటోంది. ఊరంతా తెలుగు మాట్లాడే చోట సామాజిక ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ చదివి వినిపించమని గ్రామసభలో అడగడం సబబైన కోరిక.

హక్కు సంగతి అలా ఉంచి, నా సలహా ఇది. తెలుగు అర్జీతో పాటు ఒడియా ప్రతి ఒకటి జతచేయండి. గుమాస్తా చదవలేని కాగితం దస్త్రంలో అడుగుకు చేరుతుంది, 21 రోజులు అలాగే గడిచిపోతాయి. రెండో ప్రతి మీద తేదీతో కూడిన అందినట్టు ముద్ర వేయించుకోకుండా కార్యాలయం మెట్లు దిగవద్దు.

ఇంటికి పరిహారం ఎలా కడతారు?

భూమికి ఒక లెక్క, దాని మీద ఉన్నవాటికి మరో లెక్క, ఆ రెండింటినీ కలిపి మూడోది.

భూమి విషయంలో మూడు సంఖ్యలు చూసి వాటిలో పెద్దదానిని తీసుకుంటారు. స్టాంపుల చట్టం కింద ప్రభుత్వం నిర్ణయించిన విలువ, అంటే ఒడిశాలో బెంచ్‌మార్క్ విలువ అనేది, మొదటిది. చుట్టుపక్కల అలాంటి భూములకు గడచిన మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు రెండోది. కంపెనీల కోసమో, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం కోసమో అయితే సమ్మతి సమయంలో ఒప్పుకున్న మొత్తం మూడోది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని అసలు ధరలో సగానికే రిజిస్టరు చేయించుకునే అలవాటు ఇక్కడే తిరిగి మన మెడకు చుట్టుకుంటుంది. ఊరంతా తక్కువ రాయించుకుంటే ఊరందరి సగటూ తక్కువే. వచ్చిన విలువను గ్రామాల్లో పట్టణం నుంచి దూరాన్ని బట్టి 1 నుంచి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు, పట్టణంలో గుణకం 1.

ఇల్లు, బావి, ప్రహరీ వంటివాటికి సెక్షన్ 29 ప్రకారం ఇంజినీరు విలువ కడతాడు. చెట్లకు ఉద్యానశాఖ, అటవీశాఖ అనుభవజ్ఞుల సహాయం తీసుకోవచ్చు. ఈ విలువను హెచ్చించిన భూమి విలువకు కలిపి, వచ్చిన మొత్తానికి నూటికి నూరు శాతం సొలేషియం చేరుస్తారు. అంటే ఇంటి పద్దులో రాసిన ప్రతి రూపాయీ చివరికి రెండు రూపాయలవుతుంది, రాయకుండా వదిలేసిన ప్రతి రూపాయికీ రెండు రూపాయలు పోతాయి.

ఊహకు ఒక లెక్క వేద్దాం. స్థలం విలువ 4 లక్షలు, గుణకం 1.5 అనుకుంటే 6 లక్షలు. ఇల్లు, బావి, చెట్లు కలిపి 5 లక్షలు. మొత్తం 11 లక్షలు, సొలేషియం మరో 11 లక్షలు, వెరసి 22 లక్షలు. దీనిపై సామాజిక ప్రభావ అధ్యయన ప్రకటన వెలువడిన నాటినుంచి అవార్డు నాటివరకు, లేదా అంతకన్నా ముందే స్వాధీనం చేసుకుంటే ఆ నాటివరకు, స్థలం మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా రావాలి. 14 నెలలు పట్టిందనుకుంటే 4 లక్షల మీద అది 56,000 రూపాయలు.

ఉమ్మడి కొలతకు వచ్చినప్పుడు ఏమేమి రాయించుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, నిజానికి అన్నిటికన్నా ముందు అడగవలసింది ఇదే. కొలతకు వచ్చినవారి కాగితంలో సాధారణంగా ఉండేది గోడల పొడవు, వెడల్పు, కప్పు రకం. పక్కా, సగం పక్కా, కచ్చా అన్న మూడు మాటల్లో ఇల్లు ముగిసిపోతుంది. నూరేళ్ల నాటి మద్రాసు మిద్దెను, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చి సున్నపు గచ్చు వేసిన కప్పును, పాతదని తీసిపారేయడం తేలిక. దాని కింద వైశాఖంలో ఫ్యాను లేకుండా నిద్రపోయినవారికి దాని విలువ తెలుసు. రెండడుగుల మందపు మట్టిగోడ, అటక, పెంకుల కింద పరిచిన వెదురు తడిక, చుట్టూ తిరిగిన వసారా, అరుగు, పెరటి బావి, పడమటి ఎండకు అడ్డుగా పెంచిన పనస, మామిడి, కొబ్బరి చెట్లు. ఇవన్నీ ఇంటిని చల్లగా ఉంచే సరంజామా. చల్లదనానికని విడిగా విలువ కట్టే పద్దు చట్టంలో లేదు. అయితే చల్లదనాన్నిచ్చిన టేకుకు, సున్నానికి, చెట్టుకు తప్పకుండా ఉంది.

కనుక కప్పు అని ఊరుకోకుండా ఎన్ని దూలాలో, ఏ కలపో, వాటి పొడవూ మందమూ రాయించండి. గోడ మందం కొలిపించండి. చెట్లను వయసుతో, కాపుతో సహా రాయించండి. లోపలా బయటా ఫొటోలు తీసి ఉంచుకోండి. పాత ఇల్లని తరుగుదల తీసేస్తే ఎంత తీశారో, దేని ఆధారంగా తీశారో రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే సెక్షన్ 29లో తరుగుదల అన్న మాటే లేదు. జాబితా చదివి, తప్పుంటే తప్పని రాసి, ఆ కింద సంతకం చేయండి. ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయడం మర్యాద కిందికి రాదు.

రోడ్డు వెడల్పులో సగం ఇల్లే పోతుందంటున్నారు. మిగతా సగం ఏం చేసుకోవాలి?

మొత్తం ఇంటినీ తీసుకోమని అడిగే హక్కు 2013 చట్టం సెక్షన్ 94 ఇస్తోంది. యజమాని కోరితే ఇంటిలో ఒక భాగాన్ని మాత్రమే సేకరించడానికి వీల్లేదు. ఆ కోరికను అవార్డుకు ముందే రాసి ఇవ్వాలి. మిగిలిన సగంలోనే ఉంటామంటే కోతపడిన భాగం వల్ల మిగతా ఆస్తికి కలిగే నష్టాన్ని కూడా సెక్షన్ 28 కింద లెక్కలో చేర్చమని అడగవచ్చు. వీధివైపు వసారా కోసేశాక పడమటి ఎండ నేరుగా పడకగదిలోకి వచ్చే ఇళ్లు బరంపురం పాత పేటల్లో ఊహించుకోవడం కష్టమేమీ కాదు, అది కూడా ఆ నష్టంలో భాగమేనని వాదించండి.

ఒకే ఇంట్లో ఇద్దరు పెద్ద కొడుకులు, విధవ అక్కగారు, అద్దెకున్న ఒక కుటుంబం ఉన్నారు. ఎవరికి ఏమిటి?

పునరావాస లెక్కలో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి స్త్రీ, పురుషుడు ప్రత్యేక కుటుంబమే. విధవలు, విడాకులు పొందినవారు, కుటుంబం వదిలేసిన స్త్రీలు కూడా అంతే. ఇంటి పెద్దాయన పేరు ఒక్కటే రాసుకుని వెళ్తే మిగతావారికి దక్కవలసింది పోతుంది. భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడ పని మీద ఆధారపడిన కౌలుదారు, కూలీ, చేతివృత్తివాడు ప్రభావిత కుటుంబాల్లోకి వస్తారు. ఇంటి స్థలం లేకుండా మూడేళ్లకు తగ్గకుండా నివసించి బలవంతాన ఖాళీ చేయవలసి వచ్చిన కుటుంబానికీ ఇంటి సదుపాయం ఉంది.

రెండో షెడ్యూలు ప్రకారం నిర్వాసిత కుటుంబానికి ఏడాదిపాటు నెలకు 3,000 రూపాయల భృతి, రవాణాకు 50,000, పునఃస్థాపన భత్యం మరో 50,000, పశువుల కొట్టానికో చిన్న దుకాణానికో కనీసం 25,000 రావాలి. షెడ్యూల్డు ప్రాంతం నుంచి కదిలే షెడ్యూల్డు కులాల, తెగల కుటుంబానికి ఇంకో 50,000 అదనం. ఇవి కాక ఉద్యోగం, 5 లక్షల ఏకమొత్తం, ఇరవై ఏళ్లపాటు నెలకు 2,000 రూపాయలు అనే మూడింటిలో ఒకదానిని ఎంచుకోవచ్చు. నెలకు రెండువేలంటే 2013లోనూ పెద్ద మొత్తం కాదు.

బదులుగా ఇచ్చే ఇల్లు ఎలా ఉంటుంది?

గ్రామంలో ఇల్లు పోతే ఇందిరా ఆవాస్ యోజన ప్రమాణాలకు తగ్గ కట్టిన ఇల్లు, పట్టణంలో పోతే ప్లింత్ ఏరియా (గోడలతో కలిపి కట్టిన విస్తీర్ణం) 50 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు ఇవ్వాలని చట్టం. గ్రామంలో కుటుంబం కోరితే ఇంటికి బదులు దాని ఖర్చు ఇవ్వవచ్చు. పట్టణంలో ఇల్లు వద్దనుకుంటే కనీసం లక్షన్నర ఇవ్వాలి. ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేర రాయించవచ్చు, రిజిస్ట్రేషన్ ఖర్చు భూమి అడిగిన సంస్థదే.

ఇందిరా ఆవాస్ స్థానంలో 2016 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నడుస్తోంది, అందులో ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. పెరడు, వసారా, పశువుల పాక ఉన్న ఇంటిలో బతికిన కుటుంబం వరుసగా కట్టిన స్లాబు గదుల్లోకి మారుతుందన్నమాట. మూడో షెడ్యూలు కాలనీలో రోడ్డు, కాలువ, తాగునీరు, కరెంటు, బడి, శ్మశానం ఉండాలని ఒక్కొక్కటీ పేరుపేరునా చెబుతుంది. నీడనిచ్చే చెట్లు గాని, ఇంటి ముఖం ఎటన్నది గాని, కప్పు వేడిని ఆపే పూత గాని అందులో కనిపించవు.

స్లాబును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబర్‌లో తిత్లీ గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తినప్పుడు స్లాబు కింద ఉన్నవారికీ రేకుల కింద ఉన్నవారికీ తేడా అందరం చూశాం. తుపానుకు నిలిచే కప్పే వేసవిలో పెనంలా కాలుతుందన్నదే చిక్కు. ఒంటి అంతస్తు ఇంట్లోకి వేడి ఎక్కువగా దిగేది కప్పు నుంచే. కాంక్రీటు పగలంతా ఎండను తాగి రాత్రి గదిలోకి వదులుతుంది. 1998 వేసవిలో ఒడిశాలో వడగాడ్పులకు 2,042 మంది చనిపోయారన్నది ప్రభుత్వ లెక్క. అందుకని ఈ విషయాన్ని సౌకర్యం మాటగా కొట్టిపారేయడం సరికాదు.

అడగవలసిన సమయం ఎప్పుడంటే, సెక్షన్ 16 కింద పునరావాస ముసాయిదా తయారై గ్రామసభ ముందుకు, బహిరంగ విచారణకు వచ్చినప్పుడు. కప్పు మీద తెల్లటి పూత గాని, ఇటుక ముక్కల సున్నపు గచ్చు గాని వేయాలని, పొడుగు గోడలు ఉత్తర, దక్షిణ దిక్కులను చూసేలా, పడమటి గోడకు కిటికీలు తక్కువగా ఉండేలా ఇళ్లు నిలపాలని, ఎదురెదురు కిటికీలు, ముందు వసారా ఉండాలని, ఇళ్లు అప్పగించక ముందే చెట్లు నాటాలని తీర్మానంలో రాయించండి. తూర్పు ద్వారమే కావాలని పట్టుబట్టేవారు మనలో ఎక్కువ. ద్వారం తూర్పున ఉంచుకుంటూనే పడమటి గోడను కాచుకునే ఉపాయం మేస్త్రీలకు తెలుసు. సెక్షన్ 18 కింద పథకం ఆమోదం పొంది ప్రచురితమయ్యాక ఈ మాటలు విన్నపాలుగానే మిగులుతాయి.

ఇంటికి వేడి నిరోధక కప్పు వేసుకోవడానికి ప్రభుత్వ సాయం ఏదైనా ఉందా? చలిదేశాల్లో ఇస్తారని విన్నాం.

చలిదేశాల్లో ఇంటి వెచ్చదనం బయటికి పోకుండా గోడలకు, అటకలకు పొరలు వేయించుకుంటే సాయం చేసే పథకాలున్నాయి. మన దేశంలో మామూలు కుటుంబం తన ఇంటి కప్పుకు వేడి నిరోధక పొర వేసుకుంటే డబ్బిచ్చే జాతీయ పథకం లేదు. ఉన్నది నిబంధన. ఇంధన పొదుపు చట్టం, 2001 ఆధారంగా 2018లో ఎకో నివాస్ సంహిత పేరుతో నివాస భవనాల ప్రమాణం వచ్చింది. కప్పు ద్వారా లోపలికి వచ్చే వేడికి అది ఒక హద్దు పెట్టింది, చదరపు మీటరుకు డిగ్రీకి 1.2 వాట్లు. అయితే ఆ ప్రమాణం ఉద్దేశించింది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే భవనాలను. రెండు సెంట్ల పునరావాస ఇంటికి అది సోకనైనా సోకదు. ఎండ ఎక్కువగా కాల్చేది ఎవరి కప్పునో ఆ కప్పు నిబంధనకు బయటే ఉండిపోయింది.

ఇక్కడికి దగ్గరలోని తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు అది తప్పనిసరి. మల్కన్‌గిరి వైపు బంధువుల ద్వారా ఈ మాట విని ఇక్కడా ఇస్తారా అని అడుగుతున్నారు. ఒక రాష్ట్రం విధానం రెండో రాష్ట్రంలో చెల్లదు.

అయితే సొంతంగా, తక్కువ ఖర్చుతో ఏం చేసుకోవచ్చు?

స్లాబు మీద సున్నం పూత అన్నిటికన్నా చవక. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేసిన కప్పు కింద గది ఇంటి తీరును బట్టి రెండు నుంచి అయిదు డిగ్రీల వరకు చల్లబడుతుందని సాధారణంగా చెబుతారు. సున్నం వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేసవికి ముందు వేయాలి. కొంత ఖర్చు పెట్టగలిగితే ఇటుక ముక్కలు, సున్నంతో గచ్చు వేసి పైన లేతరంగు పెంకు బిళ్లలు పరిపించండి.

రేకుల ఇంటికి కింద వెదురు తడికతో అటక కట్టి, రేకుకూ తడికకూ మధ్య గాలి ఆడేలా రెండు చివర్లూ తెరిచి ఉంచడం మేలు. థర్మోకోల్ పలకలు చవక, కాని మంటకు త్వరగా అంటుకుంటాయి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో వాటి జోలికి పోవద్దు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో కప్పు మీద ఏ పలకనూ బరువు పెట్టి వదిలేయవద్దు, తుపాను గాలికి అదే ఎదురింటివారి మీద కత్తిలా పడుతుంది. బరంపురం, ఛత్రపురం వంటి ఉక్కపోత చోట్ల కప్పును ఎంత కాచినా గాలి ఆడకపోతే సుఖం ఉండదు.

ఆవాస్ యోజన డబ్బుతో ఈ పనులు చేయించుకోవచ్చా?

గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, కొండ, దుర్గమ ప్రాంతాలకు 1.30 లక్షలు విడతలుగా వస్తాయి. ఉపాధి హామీ కింద 90 లేదా 95 పనిదినాల కూలీ, మరుగుదొడ్డికి 12,000 రూపాయలు వేరు. ఇందులో కప్పు చల్లదనానికి ప్రత్యేక పద్దు లేదు, అయితే నమూనా ఎంచుకునేది లబ్ధిదారే. గోడలకు ఏ ఇటుక, వసారా ఎటు అన్నది పునాదికి ముందే తేల్చుకుంటే అదనపు ఖర్చు లేకుండానే సగం పని అవుతుంది.

ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. ఏమీ రాదా?

స్థలానికి పరిహారం రాదు. ఇంటి విలువ, పైన చెప్పిన మూడేళ్ల నివాసం మీద పునరావాసం అడగవచ్చు. పట్టణ బస్తీల్లోవారు ఒడిశా 2017లో చేసిన బస్తీవాసుల భూహక్కుల చట్టం కింద హక్కుపత్రం వచ్చిందో లేదో ముందుగా చూసుకోవాలి.

మాది షెడ్యూల్డు ప్రాంతం. నియమాలు వేరా?

వేరే. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ భూసేకరణ చివరి ప్రత్యామ్నాయంగానే జరగాలని, గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని సెక్షన్ 41 చెబుతోంది. ఆదివాసీ భూమి ఇతరులకు బదిలీ కాకుండా 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ కూడా ఉంది. ఆ ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమ పేర ఉన్న భూమి చరిత్రను ముందుగా సరిచూసుకోవాలి. ఆదివాసీ నుంచి అనుమతి లేకుండా కొన్న భూమికి పరిహారం అడగబోతే ఆ కొనుగోలే ప్రశ్నలోకి వస్తుంది.

ప్రాజెక్టు ఆంధ్రది, భూమి ఒడిశాది. ఎవరిని అడగాలి?

వంశధార మీద నేరడి బ్యారేజీ ఇందుకు ఉదాహరణ. జల వివాదాల ట్రైబ్యునల్ 2017లో బ్యారేజీకి అనుమతిస్తూ, ఒడిశా వైపు 106 ఎకరాలను ఒడిశాయే సేకరించి ఇవ్వాలంది. డబ్బు ఆంధ్రప్రదేశ్ కట్టినా, నోటీసు, విచారణ, అవార్డు అన్నీ ఒడిశా కలెక్టరువే. అభ్యంతరం శ్రీకాకుళంలో ఇస్తే పని జరగదు.

మొత్తం తక్కువగా ఉంది. డబ్బు తీసుకుంటే ఒప్పుకున్నట్టా?

కాదు. నిరసనతో తీసుకుంటున్నానని రాసి తీసుకోవచ్చు. ఆ మాట లేకుండా తీసుకుంటే తరువాత ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. 2013 చట్టం కింద అవార్డు రోజున మీరు హాజరై ఉంటే ఆనాటి నుంచి ఆరు వారాల్లో, హాజరు కాకపోతే నోటీసు అందిన ఆరు వారాల్లో లేదా అవార్డు వెలువడిన ఆరు నెలల్లో, ఏది ముందైతే ఆలోగా, విషయాన్ని పరిహార వివాదాలు విచారించే భూసేకరణ అథారిటీకి పంపమని కలెక్టరుకు రాయాలి. జాతీయ రహదారి భూములకైతే కేంద్రం నియమించిన మధ్యవర్తి ముందుకు వెళ్లాలి. కొలత రోజున రాయించుకున్న జాబితా, ఫొటోలు అక్కడ పనికి వస్తాయి.

ఈ డబ్బు మీద పన్ను ఉంటుందా?

2013 చట్టం సెక్షన్ 96 ప్రకారం అవార్డు మీద ఆదాయపు పన్ను, స్టాంపు డ్యూటీ ఉండవు. 2016లో ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా దీనిని స్పష్టం చేసింది.

డబ్బు చేతికి రాకముందే ఖాళీ చేయమంటున్నారు.

పరిహారం పూర్తిగా చెల్లించాకే స్వాధీనం అన్నది సెక్షన్ 38. అవార్డు నుంచి మూడు నెలల్లో పరిహారం, ఆరు నెలల్లో పునరావాసపు డబ్బు అందాలి. కాలనీ సదుపాయాలు పద్దెనిమిది నెలల్లో పూర్తి కావాలి. దేశ రక్షణ, ప్రకృతి విపత్తు వంటి అత్యవసరాలకు మాత్రమే ముందుగా 80 శాతం చెల్లించి తీసుకునే వీలుంది, అప్పుడు 75 శాతం అదనపు పరిహారం కూడా ఇవ్వాలి. నోటిమాట మీద ఎవరూ తలుపులు ఊడదీసుకోవద్దు. కొత్త ఇంటి కప్పు కింద వేసవిలో ఒక మధ్యాహ్నం కూర్చుని చూసి, లోపాలు ఉంటే రాసి ఇచ్చి, ఆ తరువాతే తాళం అందుకోండి.